మార్వారీ గుర్రానికి గేదెల మేత పెట్టవచ్చా? ముఖం ఎముక ఉబ్బు, కుంటు, కడుపునొప్పి గురించి

ప్రశ్న: గుడివాడ దగ్గరి రైతు

అందరికీ నమస్కారం. నిరుడు సంక్రాంతి తరువాత మేము ఒక మార్వారీ ఆడ గుర్రాన్ని కొన్నాము. దాని వయసు ఆరేళ్లు, బరువు సుమారు 400 కిలోలు ఉండవచ్చు. మాకు తరతరాలుగా గేదెల పెంపకం అలవాటే గాని గుర్రం ఇదే మొదలు. అమ్మినాయన గేదెలకు పెట్టేదే దీనికీ పెట్టమని చెప్పాడు. ఆ ప్రకారమే పొద్దున, సాయంత్రం కలిపి రెండు కిలోల తవుడు, ఒక కిలో ఉడికించిన ఉలవలు, పగలంతా మా చేలో పెంచిన సూపర్ నేపియర్, రాత్రికి వరిగడ్డి పెడుతున్నాము.

కొంతకాలంగా అది ఒకరోజు ఎడమ ముందుకాలు, మరోరోజు కుడికాలు కుంటుతోంది. గిట్ట అడుగున ముల్లుగాని, మేకుగాని, చీముగాని ఏమీ కనబడలేదు. కళ్ల కింద, ముక్కుదూలానికి రెండు వైపులా ఎముక లేచినట్టుగా గట్టిగా ఉబ్బింది. నొక్కితే మెత్తగా లొంగదు. మేత నమలడం బాగా నెమ్మదించింది, సగం నమిలిన గడ్డి ఉండలు తొట్టి పక్కన పడి ఉంటున్నాయి. ఇవి చాలవన్నట్టు ఇటీవల ఒక రాత్రి కడుపునొప్పి వచ్చి నేలమీద పడి దొర్లింది. డాక్టరుగారు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి మందు పోసి, సూదులు వేస్తే, తెల్లవారేసరికి లద్దె వేసి తేరుకుంది. రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం సరిపడా ఉన్నట్టే వచ్చింది. ముఖం ఉబ్బు పళ్ల వల్ల వచ్చినదా? కుంటు వేరే జబ్బా? కడుపునొప్పి మళ్లీ రాకుండా మేతలో ఏమి మార్చుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగోరుతున్నాను.

జవాబు: పశువైద్యురాలు, తిరుపతి

అయ్యా, చూడకుండా రోగం పేరు తేల్చి చెప్పడం సరికాదు. అయినా మీరు రాసిన లక్షణాలు నాలుగు వేర్వేరు జబ్బులవి కావని, ఒకే మేత నుంచి ఒకదాని వెనుక ఒకటి పుట్టినవని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎముకల్లోని కాల్షియం కరిగిపోయి, దాని స్థానంలో నారలాంటి కణజాలం పెరగడం వల్ల గుర్రం ముఖం ఉబ్బుతుంది. ఎముకలు బలహీనపడినందువల్లే కాళ్లు మార్చి మార్చి కుంటుతుంది. దవడ ఎముకలో పళ్ల పట్టు సడలితే నమలడం బాధగా మారుతుంది. సరిగా నమలని వరిగడ్డి పేగులో ఉండకట్టి కడుపునొప్పి తెస్తుంది. మీ గుర్రం విషయంలో జరిగినది ఇదేనని నా అనుమానం.

ఇందుకు మొదటి కారణం తవుడు. 400 కిలోల గుర్రానికి పని పెద్దగా లేకపోతే రోజుకు సుమారు 16 గ్రాముల కాల్షియం, 11 గ్రాముల భాస్వరం కావాలి. రెండు కిలోల తవుడులో భాస్వరం 30 గ్రాముల దాకా ఉంటుంది గాని కాల్షియం ఒకటి రెండు గ్రాములకు మించదు. మొత్తం మేతలో కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా ఉండాలి, ఒకటిన్నర రెట్లు ఉంటే మంచిది. మీ తొట్టిలో ఆ లెక్క పూర్తిగా తలకిందులైంది. తవుడు బదులు గోధుమ పొట్టు పెట్టినా ఇదే ఇబ్బంది వస్తుంది.

రెండవ కారణం నేపియర్. ఈ గడ్డిలో ఆక్సలేటు ఎక్కువగా ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టుకుని వంటికి అందకుండా చేస్తుంది. గేదె కడుపులోని మొదటి అరలో ఉండే సూక్ష్మజీవులు ఆక్సలేటును చాలావరకు విరిచివేస్తాయి గనుక గేదెకు అది పెద్దగా హాని చేయదు. గుర్రంలో గడ్డిని పులియబెట్టే పెద్దపేగు చిన్నపేగుకు తరువాత ఉంటుంది. కాల్షియం ఒంటబట్టేది అంతకుముందే, చిన్నపేగులో. అంటే సూక్ష్మజీవుల సాయం అందే లోపలే నష్టం జరిగిపోతుంది. వరిగడ్డిలోనూ ఆక్సలేటు ఉంది, పైగా దానిలో సారం తక్కువ.

రక్తంలో కాల్షియం సరిగా ఉన్నదని నిశ్చింతగా ఉండకండి. రక్తంలో ఆ మోతాదు పడిపోకుండా శరీరం ఎముకల నుంచే దాన్ని తోడుకుంటుంది, అందుకే జబ్బు ముదిరిన గుర్రంలో కూడా ఆ అంకె మామూలుగా కనిపించవచ్చు. గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. అక్కడ తల ఎక్స్‌రే తీయించండి. పంటి వేరు చుట్టూ కనబడవలసిన సన్నని తెల్లని గీత చెరిగిపోయి ఉంటే నా అనుమానం బలపడుతుంది. రక్తం, మూత్రం రెండింటినీ ఒకేసారి పరీక్షించి, మూత్రంలో భాస్వరం ఎంత పోతున్నదో లెక్క కట్టమని అడగండి. పళ్ల అంచులు పదునెక్కి బుగ్గను కోస్తున్నాయేమో కూడా చూపించండి. గుర్రపు పళ్లు అరుగుతూనే పైకి వస్తుంటాయి గనుక ఏడాదికొకసారి ఆకురాయి పట్టించడం ఎలాగూ అవసరమే.

ఇక మేత సంగతి. తవుడును, నేపియర్‌ను రేపే ఒక్కసారిగా ఆపకండి. పది పదిహేను రోజుల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ కొత్త మేతను పెంచండి. గుర్రానికి మూలాధారం దాణా కాదు, గడ్డి. మీ గుర్రానికి రోజుకు ఎండుగడ్డి లెక్కన 6 నుంచి 8 కిలోలు కావాలి. డెల్టాలో గట్ల మీద దొరికే గరిక దీనికి ఎంతో మేలైనది, ఎండబెట్టి దాచుకోవచ్చు కూడా. అయితే కలుపుమందు కొట్టిన గట్ల మీద కోయకండి. దానికి తోడు కాల్షియం దండిగా ఉండే లూసర్న్ ఎండుగడ్డి రోజుకు ఒకటి రెండు కిలోలు దొరికితే చాలా మంచిది. లూసర్న్ దొరక్కపోతే వరి కోశాక మీ ప్రాంతంలో చల్లే పిల్లిపెసరను కోసి, వాడబెట్టి, గరికతో కలిపి పెట్టండి. పచ్చిది ఒకేసారి ఎక్కువ పెడితే కడుపు ఉబ్బుతుంది. ఉలవలు మానవలసిన పని లేదు, ఇప్పటిలాగే ఉడికించి, రెండు మూడు పూటలుగా పంచండి.

గేదెలున్న ఇంట్లో గుర్రానికి పొరపాటున కూడా అందకూడనివి కొన్ని ఉన్నాయి. కోళ్ల దాణాలోను, కొన్ని పశువుల దాణాల్లోను కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. పశువులు తట్టుకునే మోతాదే గుర్రాన్ని చంపగలదు. బూజు పట్టిన మొక్కజొన్న మెదడును పాడుచేస్తుంది. సుబాబుల్ ఆకు తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. జనుము జాతి మొక్కల్లో కాలేయానికి హాని చేసే పదార్థాలున్నాయి గనుక ఆ మేత దీనికి వద్దు. పచ్చి జొన్న చొప్ప మీద మేసే గుర్రాలకు మూత్రాశయం దెబ్బతిని, నడుము కింది భాగం తూలడం ఉన్నది. ఇవన్నీ మన ఊళ్లలో మామూలుగా దొరికేవే కాబట్టి ఇంత వివరంగా రాశాను.

జవాబు: పెళ్ళి గుర్రాలు పెంచే కుటుంబం, హైదరాబాదు పాతబస్తీ

డాక్టరమ్మగారు మేత గురించి చెప్పినదానికి నేను కలపగలిగేది లేదు. మా నాన్నగారి కాలం నుంచి గుర్రాలతోనే బతుకుతున్నవాళ్లం గనుక కడుపునొప్పి విషయంలో తెలిసినంత రాస్తున్నాను.

గుర్రం వాంతి చేసుకోలేదు, దాని పొట్ట ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. అందువల్ల రెండు పూటలు గంపెడు దాణా వేసి మిగతా సమయం ఖాళీ కడుపుతో నిలబెట్టడం మంచిది కాదు. లోపల ఆమ్లం ఊరుతూనే ఉంటుంది కాబట్టి మేత లేకుండా ఎక్కువసేపు ఉంటే పొట్టలో పుండ్లు పడతాయి. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఒక మోపు గడ్డి వేయడం మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న నియమం. నీళ్లు రోజుకు 30, 40 లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. తొట్టి పాచి పట్టినా, నీళ్లు ఎండకు కాగినా తాగడం తగ్గించేస్తుంది, అప్పుడే లద్దె గట్టిపడుతుంది. దాణాలో రోజుకు 25 నుంచి 30 గ్రాముల మామూలు ఉప్పు కలపండి.

నొప్పి మొదలైనప్పుడు అది ముందుకాలితో నేల గీరుతుంది, తల తిప్పి డొక్క వైపు చూసుకుంటుంది, పై పెదవి పైకి ముడుస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది. వెంటనే మేత తీసివేసి డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన వచ్చేలోపు దవడ ఎముక లోపలి అంచున కొట్టుకునే నాడి మీద రెండు వేళ్లు ఆనించి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కపెట్టండి. నెమ్మదిగా నిలబడిన గుర్రానికి 28 నుంచి 44 మామూలు. 60 దాటితే ఆ మాట ఫోన్‌లోనే చెప్పండి, ఎందుకంటే పేగు మెలిపడినా అలాగే పెరుగుతుంది. చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. దొర్లి తల బాదుకోకుండా నెమ్మదిగా నడిపించవచ్చు గాని అలసిపోయేలా తిప్పకండి.

పల్లెల్లో పశువులకు చేసినట్టు తల పైకెత్తి వెదురు గొట్టంతో నూనె తాగించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గిన గుర్రం నిమోనియాతో పోతుంది. నూనె అవసరమైతే మీ డాక్టరుగారు వేసినట్టుగా ముక్కు గొట్టంతోనే పోయాలి. నొప్పి సూది కూడా ఆయన చూడకముందే వేయించకండి, లోపలి ప్రమాదం కప్పబడిపోతుంది.

జవాబు: అనంతపురం జిల్లా నుంచి

మా వైపు గుర్రాలకు వేరుశనగ కట్టె పెడతాము. పప్పుజాతి మేత గనుక కాల్షియం బాగానే ఉంటుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. అయితే పీకిన కట్టెలో మట్టి ఉంటుంది. బాగా దులిపి, నేలమీద కాకుండా తొట్టిలో వేయండి. లేకపోతే ఇసుక పేగులో పేరుకుని మళ్లీ కడుపునొప్పికే దారి తీస్తుంది. వాన తడిసి నల్లబడిన కట్టెను ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గన్నవరం ఆసుపత్రికి ఈ వారమే తీసుకెళ్తున్నాము. మరి మూడు సంగతులు అడగాలి. కాల్షియం కోసం తాంబూలంలో వాడే సున్నం నీళ్లలో కలిపి పట్టవచ్చునా? ఈ వేసవిలో ఎండ పొద్దున గుర్రానికి చెమట సరిగా పట్టలేదు, నిలబడి ఎగశ్వాస తీసింది, అది కూడా దీనివల్లనేనా? శ్రావణంలో బంధువుల పెళ్ళి ఉన్నది, అప్పటికి మా అబ్బాయి స్వారీ చేయవచ్చునా?

జవాబు: పశువైద్యురాలు, తిరుపతి

తడి సున్నం నోటిని, గొంతును కాల్చుతుంది, అది వద్దు. దాణాలో కలిపే సున్నపురాయి పొడి దొరుకుతుంది. అందులో 38 శాతం దాకా కాల్షియం ఉంటుంది. డైకాల్షియం ఫాస్ఫేటుతో కలిపి ఎంత వేయాలో పరీక్షల తరువాత అక్కడి వైద్యులు నిర్ణయిస్తారు. పొడిగా వేస్తే తొట్టి అడుగున మిగిలిపోతుంది గనుక ఉడికించిన ఉలవల్లో కొంచెం బెల్లం నీళ్లు చల్లి, బాగా కలిపి పెట్టండి. ఇది నెలల తరబడి సాగవలసిన చికిత్స. కుంటు ముందుగా తగ్గుతుంది, ముఖం ఉబ్బు మాత్రం పూర్తిగా పోకపోవచ్చు.

చెమట సంగతి వేరు. ఉక్క ఎక్కువగా ఉండే తీరప్రాంతాల్లో కొన్ని గుర్రాలు చెమట పట్టే శక్తిని కోల్పోతాయి, ముఖ్యంగా పొడి వాతావరణం నుంచి వచ్చినవి. పని పొద్దెక్కక ముందే ముగించి, నీడ, గాలి ఉండేలా చూసి, వేడెక్కినప్పుడు ఒళ్లంతా నీళ్లు పోయండి. మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలసిన ఉష్ణోగ్రత అంతకు మించి, జ్వరం వస్తూ పోతూ ఉంటే, పొట్ట కింద, కాళ్లలో నీరు దిగితే, జోరీగల ద్వారా వచ్చే సర్రా జబ్బు కావచ్చు. జ్వరం ఉన్నప్పుడే రక్తం తీయించి పరీక్ష చేయించండి. ధనుర్వాతం టీకా వేయించారో లేదో, కొనేటప్పుడు గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే అంటువ్యాధి పరీక్ష కాగితం ఇచ్చారో లేదో మీరు రాయలేదు. రెండూ లేకపోతే ఈ ప్రయాణంలోనే అడిగి చేయించండి. గ్లాండర్స్ మనుషులకు కూడా సోకుతుంది.

స్వారీ విషయంలో మాత్రం ఖచ్చితంగా వద్దనే చెబుతాను. ఇలాంటి ఎముకలు చిన్న అడుగు తప్పినా విరగవచ్చు, ఎముకకు అంటిన స్నాయువులు ఊడిరావచ్చు. అప్పుడు గుర్రంతో పాటు మీ అబ్బాయికీ ప్రమాదమే. జీను వేయకుండా, మెత్తని నేల మీద చేత్తో పట్టుకుని రోజూ కాసేపు నడిపించండి. మళ్లీ ఎక్స్‌రే తీసి వైద్యులు సరేనన్న తరువాతే ఎవరైనా ఎక్కాలి, శ్రావణానికి అది కుదరదు.