డిక్రీ అయ్యాక నోట్లో రాసిన వడ్డీ ఎగిరిపోతుందా?

బ్రాడీపేట: మా తోడల్లుడు నాకు 3 లక్షలకి ప్రోనోటు రాసిచ్చాడు, రెండు రూపాయల వడ్డీ. కట్టకపోతే గుంటూరు కోర్టులో దావా వేశా, డిక్రీ అయింది. ఇప్పుడేమో డిక్రీ తేదీ నుంచి 6 శాతమే ఇస్తానంటున్నాడు. నోటు మీద సంతకం ఆయనది కాదా మరి?

మంగళగిరి: డిక్రీ అయ్యాక ఇంక నోటు పట్టుకుని అడగడానికి లేదన్నా, డిక్రీలో ఏం రాశారో అదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ప్రకారం డిక్రీ తర్వాత వడ్డీ 6 శాతం దాటకూడదు, వ్యాపారపు అప్పయితేనే ఎక్కువ ఇవ్వొచ్చు.

బ్రాడీపేట: మిర్చి వ్యాపారానికే తీసుకున్నాడు!

గవర్నర్‌పేట: ఆ మాట దావాలో రాశారా సార్? ఈపీ (డిక్రీ అమలు చేయమని వేసే పిటిషన్) వేస్తే కోర్టు డిక్రీని మార్చదు, ఉన్నదున్నట్టు అమలు చేస్తుంది. తేడా ఉంటే అప్పీలుకి వెళ్లాలి.

కొత్తపేట: జైల్లో పెట్టించండి, దిగొస్తాడు.

గవర్నర్‌పేట: చేతిలో డబ్బు లేనివాణ్ని అప్పు తీర్చలేదని జైలుకి పంపకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది, జాలీ జార్జ్ వర్గీస్ కేసు. ఉండి ఎగ్గొడుతున్నాడని మీరు చూపించాలి.

తెనాలి: ముందు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టకుండా చూస్కోండి.

బ్రాడీపేట: అందరూ ఆయన వైపే మాట్లాడతారేంటి? అది మా అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు. పెళ్లిళ్లలో ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతాడు.

మంగళగిరి: మా నాన్న తీసుకుంది 50 వేలు. మూడేళ్లు నిండితే నోటుకి కాలదోషం పడుతుందని వడ్డీ కలిపి 86 వేలకి కొత్త నోటు రాయించుకున్నారు, ఇంకో మూడేళ్లకి లక్షా 48 వేలు. మధ్యలో మిల్లు డబ్బులు రాగానే తీసుకెళ్లి కట్టినవి నోటు వెనక చెల్లు వేయలేదు, కోర్టులో మా దగ్గర చూపించడానికి ఒక్క కాగితం లేదు, నోట్లో ఉన్న మొత్తాన్నీ అసలుగానే లెక్కేశారు. అన్నా, నీ 3 లక్షలు చేతికిచ్చిందేనా, తిరగరాసిందా?

బ్రాడీపేట: తిరగరాసిందే. అయితే?

మంగళగిరి: చేతికిచ్చింది ఎంత?

బ్రాడీపేట: లక్షా 75 వేలు. మూడేళ్లు రూపాయి కట్టకుండా, చదువుకునే సంతకం పెట్టాడు. కట్టని వడ్డీ అసల్లో కలవక ఎక్కడికి పోతుంది?

మంగళగిరి: అంటే మిగతా లక్షా పాతిక వేలు వడ్డీయే, దాని మీద మళ్లీ వడ్డీ. కోర్టు 6 దగ్గర ఆపితే నీకు అన్యాయం జరిగిందంటావు, సంతకం పెట్టనంటే ఆ రోజే దావా వేసేవాడివి కదా.

బ్రాడీపేట: వేసేవాణ్నే. నా డబ్బు నేను అడగకూడదా?

గవర్నర్‌పేట: సార్, డిక్రీ అమలుకి 12 ఏళ్ల గడువుంది. ఆయన పేరున పొలమో స్థలమో ఉంటే ఆ వివరాలు తీసి జప్తుకి వేయండి.

బ్రాడీపేట: పొలం ఉంది. సోమవారం ఈపీ వేస్తున్నా.