మైత్రీ భావనలో మరణించిన వారిని తలచుకోవచ్చా?

నమస్కారం. ఉదయం కొంతసేపు కూర్చుని చేసే మైత్రీ భావనను (అందరి క్షేమాన్నీ కోరుకునే బౌద్ధ ధ్యానాన్ని) పగలంతా పనుల మధ్య కూడా కొనసాగించడానికి ప్రయత్నిస్తున్నాను. నిలబడినా, నడుస్తున్నా, కూర్చున్నా, పడుకున్నా మెలకువగా ఉన్నంతసేపూ ఈ స్మృతిని నిలుపుకోమన్న మెత్త సుత్తమే (మైత్రిపై బుద్ధుని ఉపదేశమే) ఇందుకు నాకు ఆధారం.

నా సందేహం ఇది. 5వ శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు శ్రీలంకలో రచించిన ధ్యాన గ్రంథం విశుద్ధిమగ్గం, మైత్రిని మొదట తనపై, తర్వాత గౌరవనీయుడైన ఆచార్యుడిపై, ఆప్తమిత్రుడిపై, తటస్థుడిపై, చివరకు వైరిపై ప్రసరింపజేయమని చెబుతూ, మరణించిన వారిని మాత్రం ఆలంబనగా (ధ్యాన విషయంగా) తీసుకోవద్దంటుంది. గురువు గతించిన సంగతి తెలియక ఆయననే తలచుకుంటూ ధ్యానం కుదరక తికమకపడిన యువభిక్షువు ఉదంతాన్ని కూడా వివరిస్తుంది. నాకేమో, కీర్తిశేషురాలైన మా అమ్మగారిని తలచుకున్నప్పుడే మనసు సహజంగా ఆర్ద్రమవుతుంది. ఆ ఆర్ద్రతతోనే నాతో కఠినంగా ప్రవర్తించే సహోద్యోగి వరకు వెళ్లగలుగుతున్నాను.

మాటలోనూ ప్రవర్తనలోనూ ద్వేషం తగ్గితే చాలనుకునే నాబోటి గృహస్థులకు కూడా ఈ నిషేధం వర్తిస్తుందా? లేక అమ్మగారి స్మరణను ఆరంభానికే పరిమితం చేసి, సజీవులైన వారి వైపు త్వరగా మరలడం మంచిదా? రాగమే (మమకారమే) మైత్రికి సమీప శత్రువని, అంటే మైత్రిలాగే కనిపిస్తూ దాన్ని చెడగొడుతుందని, అదే గ్రంథం హెచ్చరిస్తుంది కనుక, నాలో కలిగే ఆర్ద్రతలో మైత్రి ఎంతో, మమకారం ఎంతో గుర్తించే మార్గాన్ని కూడా అనుభవజ్ఞులైన సాధకులు దయచేసి తెలియజేయగలరు.