"చోద్యంబయ్యెడి..." పద్యంలో "శోధించి" ఎవరి పని?

పల్లెబడి: బీఎడ్ విద్యార్థులకు విద్యా సామాజికశాస్త్రంలో పరిశోధన పద్ధతుల మీద పాఠం రాస్తున్నాను. పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు కొడుకు ప్రహ్లాదుణ్ణి అడిగే "పద్యంబొక్కటి చెప్పి సార్థముగ దాత్పర్యంబు భాషింపుమా" నాలుగు రోజులుగా నోట్లో ఆడుతోంది. మొదటి పాదంలో "శోధించి" ఉందని గుర్తు. ఆ శోధన గురువులదా, తండ్రిదా? పరీక్షించడం అనే అర్థం కుదిరితే పాఠం పైన ఆ పాదమే పెడతాను.

శార్దూలప్రియ: "చోద్యంబయ్యెడి నింతకాల మరిగెన్ శోధించి యేమేమి సం / వేద్యాంశంబులు చెప్పిరో గురువులు..." "శోధించి" క్త్వార్థకం కదండీ, అంటే "చేసి, చూసి" లాంటి అసమాపక క్రియ; దానికీ తర్వాతి క్రియకూ కర్త ఒకరే ఉండాలి. చెప్పింది గురువులు, శోధించిందీ వాళ్లే. శాస్త్రాలు గాలించి, ఏరి చెప్పారని అర్థం.

గోదారిగట్టు: మూడో పాదంలో "విద్యాసార మెఱుంగ గోరెద" ఉంది. "శోధించి ఎఱుంగ గోరెద" అని దూరాన్వయం చేయండి, అంటే దూరంగా ఉన్న మాటతో కలిపి చదవండి, తండ్రి శోధన అవుతుంది. పదమూడో అక్షరం యతిస్థానం, "చో"కి "శో" కావాలి, అందుకే ముందుకు వచ్చింది.

శార్దూలప్రియ: యతి కోసం అన్వయం చెడగొట్టేవాడు కాదు పోతన. మధ్యలో "చెప్పిరో", "పఠింపించిరో" రెండు క్రియలు దాటి వెళ్లాలా?

పల్లెబడి: తండ్రి శోధనే అయితే నాకు బాగా పనికొస్తుంది. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేదీ ఇదే దారి. 2005 నుంచి పల్లెల్లో ఇంటికే వెళ్లి, పిల్లవాడి చేతికి రెండో తరగతి స్థాయి పాఠం ఇచ్చి చదవమంటారు. ఇంట్లో అడుగుతారు కాబట్టి బడి మానేసినవాళ్లూ లెక్కలోకి వస్తారు. ఐదో తరగతి పాసయ్యాడని రిజిస్టరు చెప్పినా, చదవడం రాదన్న నిజం బయటపడుతుంది. ఎందుకు రాలేదో మాత్రం అందులో ఉండదు.

కృష్ణాతీరం: "పద్యంబొక్కటి" అన్నదే అసలు చిక్కు. ఏ పద్యం అడిగామో దాన్నిబట్టే ఫలితం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడిలో చదివేందుకు ఫీజు వోచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత తెలుగు, లెక్కల్లో తేడా లేదు. హిందీలో వోచర్ పిల్లలు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ లేనేలేదు మరి. లాటరీ కాబట్టి, చదువు మీద పట్టుదల ఉన్న ఇళ్ల పిల్లలే ప్రైవేటుకు వెళ్లారన్న అనుమానం ఉండదు, అది పెద్ద బలం. కానీ టైమ్‌టేబుళ్లు చూస్తే గానీ సంగతి అర్థం కాలేదు: ప్రైవేటు బడులు తెలుగుకీ లెక్కలకీ ఇచ్చిన సమయమే తక్కువ. ఒట్టి మార్కులు చూసినవాడికి ఇది తెలియదు.

గోదారిగట్టు: కథలో ముందుకు వెళ్లండి. తండ్రి తొడ మీద కూర్చోబెట్టుకుని అడిగాడు, జవాబు విన్నాడు, తప్పంతా గురువుల మీద వేశాడు. ఆ చదువు ఎక్కడిదో తేలింది ఎప్పుడు? గురువులు లేనప్పుడు తోటి దైత్యబాలకులు అడిగితే. తల్లి కడుపులో ఉండగా నారదుడి దగ్గర విన్నానని వాళ్లకే చెప్పాడు. తండ్రి ప్రశ్నకు జవాబు మాత్రమే వచ్చింది, కారణం తోటివాళ్లకే దొరికింది. పిల్లల మధ్య ఉండి వినే పద్ధతికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

కృష్ణాతీరం: ఒక్క ప్రహ్లాదుణ్ణి చూసి అసుర బాలలందరి గురించీ చెప్పగలమా? ఇంగ్లండ్‌లో పాల్ విల్లిస్ అనే సామాజికశాస్త్రవేత్త కార్మిక కుటుంబాల కుర్రాళ్లు పన్నెండు మందితో తిరిగి 1977లో పుస్తకం రాశాడు. వాళ్లు బడిని ఎందుకు లెక్కచేయలేదో ఏ ప్రశ్నావళీ అంత లోతుగా పట్టుకోలేదు. అయినా పన్నెండు మందే, అందరూ మగపిల్లలే. పైగా పెద్దమనిషి పక్కన కూర్చుంటే పిల్లలు మునుపటిలా ఉంటారా?

పల్లెబడి: ఉండరు. అందుకే పాఠంలో సర్వేనూ ఇలాంటి పరిశీలననూ పక్కపక్కనే పెడుతున్నాను. "శోధించి" తండ్రిదేనని రాసేయమంటారా?

తుంగభద్ర: ఇద్దరి అన్వయమూ నాకు నచ్చలేదు. శుధ్ ధాతువుకు మొదటి అర్థం శుద్ధి చేయడం. పిల్లవాడి తప్పులు దిద్ది, ఆ తర్వాత ఏమేం చెప్పారు అని అడుగుతున్నాడు. పరీక్షా కాదు, పరిశోధనా కాదు.

శార్దూలప్రియ: దిద్దినా గురువులే కదండీ దిద్దింది! కర్త మారలేదు.

గోదారిగట్టు: "చదువనివాడజ్ఞుండగు" అని ఆ తండ్రే ముందు చెప్పాడు. "సదసద్వివేక చతురత" కోసం బడికి పంపినవాడు, తిరిగొచ్చాక తానే శోధించడా? నేను దూరాన్వయం వదలను.