‘మూట్’ అంటే గతజల సేతుబంధనమేనా?

వసంత: అమెరికా సైన్యంలో కోవిడ్ టీకా ఆదేశంపై పడ్డ కేసుల గురించి రాస్తున్నా. తేల్చడానికి వివాదం మిగలని కేసుని కోర్టులు ‘మూట్’ అంటాయి, దానికి తెలుగు మాట దగ్గర కలం ఆగింది. నీళ్లు పోయాక కట్ట కట్టే శ్లోకం ఒకటుంది కదా, అందులో ‘గతే జలే’నా, ‘గతోదకే’నా?

రామం: రెండూ కాదు, ‘పయోగతే కిం ఖలు సేతుబంధః’. మూడూ లగలగలే కనుక గణాలు తేల్చవు. ముందున్న ‘వయోగతే’తో ప్రాస కలిసేది ‘పయో’కే. కానీ ఆ పోలిక ఇక్కడ అతకదండీ. అందులో ఆలస్యం చేసినవాడి మీద నింద ఉంది. టీకా వద్దన్న నేవీ సీల్స్, అంటే అమెరికా నౌకాదళ కమాండోలు, వేళకే కోర్టుకెళ్లారు, 2022 జనవరి 3న 35 మందికి మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. నీళ్లు మళ్లించింది కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ. డిసెంబరు 23న సంతకమైన రక్షణ చట్టం 525వ సెక్షన్ 30 రోజుల్లో ఆదేశం ఎత్తెయ్యమంది. 2023 జనవరి 10న రక్షణమంత్రి ఆస్టిన్ ఎత్తేశారు.

సుభద్ర: నిఘంటువు చూసి ‘చర్చనీయం’ అని మాత్రం రాయకండి. లా విద్యార్థులు వాదన సాధన చేసే మూట్ కోర్టులో ఉన్నది ఆ అర్థం. ఈ తీర్పుల్లో తలకిందులు, తేల్చడానికి వివాదమే మిగల్లేదని. మన హైకోర్టులు ఇక విని ఫలం లేదనే పిటిషన్‌కి వాడే ‘ఇన్‌ఫ్రక్చువస్’కి దగ్గర. ‘నిరర్థకం’ చాలు.

రామం: ఆ ‘నిర్’తోనే నా పేచీ. మొదటినుంచీ పస లేని కేసన్నట్టు వినిపిస్తుంది. ‘గతార్థం’ అనండి, ప్రయోజనం ఉండేది, పోయింది.

సుభద్ర: సంస్కృత గ్రంథాల వ్యాఖ్యాతలకు ‘గతార్థం’ అంటే వేరేచోట చెప్పేశారు కనుక మళ్లీ చెప్పనక్కర్లేనిది. ఇక్కడ ఎవరూ ఏదీ చెప్పలేదే! అసలు ప్రశ్న తేలకుండానే పోయింది.

భాస్కర్: వేళ మించడం అంటే ధూర్జటే. ‘దంతంబుల్ పడనప్పుడె’ అని మొదలుపెట్టి, ‘అప్పుడె, అప్పుడె’ అంటూ గడువు మీద గడువు పేరుస్తాడు. ఆ ‘ఎ’కారంలోనే తొందరంతా ఉంది.

వసంత: బాగుంది గానీ, ప్రతివాది తనంతట మానుకుంటే కేసు పోదంటారు కదా?

సుభద్ర: పోదు, రేపు మళ్లీ మొదలెట్టొచ్చు గనక. ఇక్కడ మానిపించింది చట్టం. అందుకే 2023 జులైలో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు మధ్యంతర ఉత్తర్వుల మీది అప్పీలు మూట్ అంది. దావా మొత్తం అని రాస్తే తప్పు. జీతం బకాయి అడిగినవీ ఇందులోకి రావు. ఎయిర్‌ఫోర్స్ కేసులో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కింది ఉత్తర్వులనే తీసేయించింది. దానికి ‘రద్దు’ అనాలి, ‘కొట్టివేత’ కాదు.

రామం: ఉత్తర్వు రద్దు సరే. అప్పీలుకి మాత్రం ‘నిరర్థకం’ ఒప్పుకోను. ‘కాలాతీతం’?

సుభద్ర: అది లిమిటేషన్, అంటే దావా వెయ్యడానికి చట్టం పెట్టిన గడువు, దాటినదానికి వాడేశాం, రామంగారూ.