తాపీ పట్టనివాళ్లు గుండు, మూలమట్టం చూపి నీతి చెప్పవచ్చా?

నాగావళి (శ్రీకాకుళం): ఫ్రీమేసన్లంటే చాలా దేశాల్లో ఉన్న ఒక సోదర సంఘం వాళ్లు, వాళ్ల శాఖని లాడ్జి అంటారు. శాఖలకి పైనుండే మొదటి గ్రాండ్ లాడ్జి 1717లో లండన్‌లో ఏర్పడింది, మన దేశానిది 1961లో. వాళ్లు కట్టుబడి పనిముట్లనే నీతి గుర్తులుగా పెట్టుకున్నారు. మూలమట్టం మంచి నడతకు, వృత్తం గీసే కంపాస్ కోరికల అదుపుకు, రసమట్టం సమానత్వానికి, తూకం గుండు నిటారైన బతుకుకు గుర్తు. కానీ సభ్యత్వానికి తాపీ పని రానక్కర్లేదు. పని లేని చేతిలో పనిముట్టు అలంకారమే అంటాను.

కోట వీధి (విజయనగరం): ఒప్పుకోనండీ. చెక్కని రాయిలా వచ్చిన మనిషి, తనను తాను చెక్కుకోవాలని వాళ్ల గుర్తుల్లోని సుత్తి గుర్తు చేస్తుంది. ఇరవై నాలుగు అంగుళాల కొలబద్ద చూస్తే రోజులో 24 గంటలూ ఎలా పంచుకోవాలో తలపుకొస్తుంది. సన్యాసానికి ముందు వివేకానందుడు కూడా 1884లో కలకత్తా లాడ్జిలో చేరారు. దసరాకి మనమూ పనిముట్లకి పూజ చేస్తాం కదా?

నాగావళి: చేస్తాం, ఎవరి పనిముట్టుకి వాళ్లు. అక్కడే తేడా.

నెల్లిమర్ల మేస్త్రి: నేను తాపీ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మా పనిముట్లని ఎవరైనా గౌరవిస్తే నాకు సంతోషమే. కానీ గుండు పట్టడం మాటలతో రాదు. గోడ పైన చెక్క ఆనించి దారం వదిలితే, కింద గుండు గోడని తాకీ తాకనట్టు నిలవాలి. ఆనుకుందంటే గోడ అడుగు బయటికి వచ్చినట్టు, సందు పడిందంటే పైభాగం ముందుకి వాలినట్టు. గాలి వేస్తుంటే గుండు ఆగేదాకా ఓపిక పట్టాలి, కంగారు పడితే లెక్క తప్పుతుంది.

ఇంకో మాట. కొత్త రసమట్టం కొంటే ముందు దాన్నే పరీక్షిస్తాం. ఒకసారి పెట్టి బుడగ చూస్తాం, అదే చోట అటుదిటు తిప్పి మళ్లీ చూస్తాం. బుడగ వేరే చోట ఆగితే తప్పు గచ్చుది కాదు, మట్టానిదే. సమానత్వానికి రసమట్టాన్ని గుర్తు పెట్టుకున్నవాళ్లు ఆడవాళ్ల వైపు నుంచి తిప్పి చూశారా? 1723 నాటి నిబంధనల్లో ఆడవాళ్లకి చోటు లేదని చదివాను.

కోట వీధి: ఈ ప్రశ్న ముందే వచ్చింది మేస్త్రి గారూ. 1893లో పారిస్‌లో ఆడా మగా కలిసే శాఖ మొదలైంది. అనీబిసెంట్ అందులో చేరి మన దేశానికీ తెచ్చారు. కానీ ప్రధాన లాడ్జీలు ఇప్పటికీ మగవాళ్లవే, అది నాకూ నచ్చదు. అంతమాత్రాన గుర్తే అబద్ధమంటే ఎలా?

నాగావళి: అబద్ధం అనను, అరువు అంటాను. మన జిల్లాల నుంచి ఎంతమంది హైదరాబాద్‌కి, చెన్నైకి కట్టుబడి పనికి పోతున్నారు! ఆ చేతుల ఊసు లేకుండా వాళ్ల మట్టం ఒక్కటే గౌరవం పొందితే నాకు బాధేస్తుంది.

నెల్లిమర్ల మేస్త్రి: బాధ సరే గానీ తల్లీ, ఆ లాడ్జీల సంగతి అలా ఉంచు. మా సైట్లలోనూ ఆడవాళ్లు తట్ట మోయడమే, కూలి కూడా తక్కువే. గుండు మేస్త్రి చేతిలోనే ఉంటుంది. మా జట్టులో ఒకావిడకి గోడ వరస చూడడం నేర్పుతున్నాను. కన్ను నాకంటే సూటి. మేస్త్రి కూలి ఇమ్మంటే కాంట్రాక్టర్ ఇంకా ఒప్పుకోలేదు, అడుగుతూనే ఉన్నాను.