ఎడిటర్‌కు మెయిల్ రాయబోతే చెయ్యి ఆడటం లేదు

హనుమకొండ రచయిత్రి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటూ, పోటీ పరీక్షల పుస్తకాలకు పాఠాలు రాసివ్వడం, అనువాదాలు చేయడం ద్వారా సంపాదించుకుంటున్నాను. ఎవరైనా అప్పగించిన పనిని గడువులోగా పూర్తి చేయడంలో నాకు ఇబ్బంది లేదు. నా అంతట నేనే ఒక విషయాన్ని ఎంచుకుని, దాన్ని మీ పత్రికకు రాస్తానని ఎడిటర్‌ను అడగవలసి వచ్చినప్పుడే ధైర్యం సన్నగిల్లుతుంది. రాసిన మెయిల్‌ను డ్రాఫ్టుల్లో ఉంచి, మర్నాడు చదివి, పస లేదనిపించి తీసేస్తుంటాను. ఈమధ్య ఒక వారపత్రికకు పంపిన మెయిల్‌ను ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెడుతున్నాను. దానికి జవాబు రాలేదు.

“గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు. మీ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు మన్నించగలరు. నేను ఫీచర్లు రాయడానికి కొత్త. వరంగల్ దర్రీల గురించి ఒక వ్యాసం రాయాలనుకుంటున్నాను. మీరు అవకాశం ఇస్తే ప్రయత్నిస్తాను. లోపాలుంటే సరిదిద్దగలరని మనవి.”

హైదరాబాద్‌లో ఎవరితోనూ పరిచయం లేని నాలాంటివారు ముందుగా ధైర్యం తెచ్చుకోవాలా, లేక అడిగే పద్ధతి నేర్చుకోవాలా?

పాత డెస్క్ మనిషి:

నేను చాలాకాలం ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మీ మెయిల్‌లో మర్యాదకు కొదవ లేదు, కానీ అందులో మీ గురించిన సందేహాలు తప్ప దర్రీల (నేల మీద పరిచే నేత జంపఖానాల) గురించిన సమాచారం ఒక్క ముక్క కూడా లేదు. అవతల కూర్చున్న మనిషి దాన్ని వినయంగా చదవడు. ఈ వ్యాసం చేతికొచ్చాక మళ్లీ మొదటి నుంచి తానే రాసుకోవలసి వస్తుందేమోనని జంకి, పక్కన పెట్టేస్తాడు.

అసలు చిక్కు ధైర్యంలో లేదని నా అభిప్రాయం. వరంగల్ దర్రీలు అనేది ఒక విషయం మాత్రమే, దాని మీద ఇంటర్నెట్‌లో చూసి ఎవరైనా నాలుగు పేరాలు రాయగలరు. మీరు వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడకు వెళ్లి, మగ్గం దగ్గర కూర్చుని, అక్కడ మాత్రమే దొరికే ఒక ప్రశ్నతో తిరిగి వస్తే, మన్నించమని అడగవలసిన అవసరం మీకే కనిపించదు. మీరైతే ఇలా రాయవచ్చు (వివరాలు మీరు సేకరించినవాటిని బట్టి మారతాయి):

“వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. ఆ తర్వాత నేతగాడి కూలి పెరిగిందా, లేక ఆ పేరుతో అమ్ముకునేవారి లాభమే పెరిగిందా? కొత్తవాడలో ఒకే వీధిలోని కొన్ని కుటుంబాల కూలి లెక్కలనూ, సహకార సంఘం కొనుగోలు ధరలనూ, దుకాణంలో అమ్మే ధరలనూ పక్కపక్కన పెట్టి ఈ కథనం రాస్తాను. రెండు కుటుంబాలతో ఇప్పటికే మాట్లాడాను. 1,200 పదాలు, నేను తీసిన ఫొటోలతో, మీరు సరే అన్న పదిహేను రోజుల్లో పంపగలను. నేను హనుమకొండలోనే ఉంటాను.”

చివరి వాక్యాన్ని చిన్నచూపు చూడకండి. హైదరాబాద్ డెస్క్‌కు కొత్తవాడ దూరం; ఒకరిని పంపాలంటే రానుపోను ఒక రోజు, దానికి ఖర్చు. మీకు అది బస్సు చార్జీతో అయ్యే పని. జిల్లాలో ఉండటం లోటని మీరనుకుంటున్నారు గానీ, అడిగే చోట అదే మీ బలం. ఇంటర్వ్యూ ఇచ్చినవారు మళ్లీ కలవమంటే కలవగలగడం, ఒక లెక్క తేడాగా కనిపిస్తే సాయంత్రానికల్లా వెళ్లి సరిచూసుకోగలగడం కూడా అందులోకే వస్తాయి.

జవాబు రాకపోవడాన్ని మనసుకు తీసుకోవద్దు. అదే అంశం ఇంకొకరికి అప్పగించి ఉండవచ్చు, ఆ నెల పేజీలకు ప్రకటనలు వచ్చి ఉండవచ్చు, లేదా మెయిల్ తెరవనే లేదేమో. రెండు వారాల తర్వాత రెండు వాక్యాల్లో ఒకసారి గుర్తుచేయడం తప్పేమీ కాదు.

కరీంనగర్ ఫ్రీలాన్సర్:

పైన చెప్పినది బాగుంది, కానీ తెలుగు పత్రికల విషయంలో కొంత తేడా ఉంది. ఆంగ్ల పత్రికలు, వెబ్‌సైట్లు చాలావరకు ముందు ప్రతిపాదన, అంటే పైన చూపినలాంటి మెయిల్, కోరతాయి. తెలుగు వార, మాస పత్రికల్లో అనేకం పూర్తి వ్యాసాన్నే, అది మీ సొంతమనీ వేరే ఎక్కడా పరిశీలనలో లేదనీ చెప్పే హామీపత్రంతో సహా పంపమంటాయి. కాబట్టి తెలుగు పత్రికకైతే వ్యాసం సిద్ధం చేసుకుని, దానికి ముందుమాటగా ఈ ప్రతిపాదనను నాలుగు వాక్యాలకు కుదించి జతచేయండి. వారు యూనికోడ్ తీసుకుంటారో, డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలోనే కావాలంటారో ముందే తెలుసుకోవడం మంచిది. అక్షరాలు చెదిరిపోయిన ఫైలును ఓపికగా సరిచేసుకుని చదివేవారు తక్కువ.

రెండోది, సమయం. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ జరుగుతుందని అందరికీ తెలుసు, అందుకే జాతర వారంలో దాని మీద వచ్చే వ్యాసాలతో డెస్కులు నిండిపోతాయి. మూడు నెలల ముందు, మొక్కుగా ‘బంగారం’ పేరిట సమర్పించే బెల్లం ఎక్కడి నుంచి వస్తుంది, దాని వ్యాపారం ఎవరి చేతుల్లో ఉంది, జాతర ముగిశాక ఆ బెల్లం ఏమవుతుంది అని అడుగుతూ పంపిన ప్రతిపాదనకు పోటీ ఉండదు. మన ప్రాంతంలో ఇలా తేదీకి కట్టుబడిన అంశాలకు కొదవ లేదు. రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు 2021 జులైలో వచ్చింది. ఏటా ఆ నెల దగ్గర పడుతుండగా ఆ గుడి ఉన్న పాలంపేటలో ఏం మారిందని అడగవచ్చు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు రావడం మొదలయ్యే ముందే, ఈసారి మన ప్రాంతపు రకమైన చపాటా మిర్చి వేసిన రైతుల దగ్గరికి వెళ్లవచ్చు.

ధైర్యం మాటకొస్తే, నేను పాటించే పద్ధతి ఒకటే. మెయిల్ రాసే ముందు ఆ కథనాన్ని పత్రికలతో సంబంధం లేని ఒకరికి నోటితో చెబుతాను. కాజీపేటలో ఆటో ఎక్కి హనుమకొండ చౌరస్తాలో దిగేలోపు అది వారికి అర్థం కాకపోయినా, అర్థమై కూడా వారు తిరిగి ఒక్క ప్రశ్న అడగకపోయినా, నా దగ్గర ఇంకా సరుకు లేదన్నమాట. అడిగితే మాత్రం ఆ ప్రశ్ననే మెయిల్‌లో మొదటి వాక్యం చేస్తాను.

లెక్కల మనిషి:

ఇద్దరూ డబ్బు ఊసెత్తలేదు, అందుకే రాస్తున్నాను. వ్యాసం అంగీకరించినట్టు మెయిల్ రాగానే పారితోషికం ఎంత, ఎప్పుడు ఇస్తారు అని అడగండి. అడిగితే అవకాశం పోతుందనే భయం కొత్తవారిలో ఎక్కువగా ఉంటుంది, కానీ ఆ ప్రశ్న వేసేవారిని డెస్కులు వృత్తి రచయితలుగానే చూస్తాయి. హక్కుల సంగతి కూడా తెలిసి ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా పరిగణిస్తారు. సంతకం పెట్టమని పంపిన కాగితంలో సర్వహక్కులు శాశ్వతంగా ఇస్తున్నట్టు ఉంటే, ఆ వ్యాసాన్ని రేపు మీ పుస్తకంలో చేర్చుకోవాలన్నా వారి అనుమతి కావాలి. ఇన్వాయిస్‌లో పాన్ నంబరు వేయడం మరిచిపోకండి, లేకపోతే పన్ను కోత ఎక్కువ పడవచ్చు.

హనుమకొండ రచయిత్రి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారం కొత్తవాడకు వెళ్తున్నాను. లెక్కలు అడిగితే నేత కార్మికులు చెబుతారో లేదో చూడాలి. ఒక సందేహం మిగిలింది. జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడకుండా ఒకే వ్యాసాన్ని రెండు పత్రికలకు పంపవచ్చా?

పాత డెస్క్ మనిషి:

పూర్తి వ్యాసమైతే పంపకండి. వేరే ఎక్కడా పరిశీలనలో లేదని హామీపత్రంలో మీరే సంతకం చేస్తారు. ఒకే వారంలో రెండు చోట్లా అచ్చయితే ఆ రెండు డెస్కులూ మీ పేరు గుర్తుపెట్టుకుంటాయి, మంచికి కాదు. ఫలానా తేదీలోగా తెలియజేయగలరు, లేనిపక్షంలో వేరే పత్రికకు పంపుతాను అని మొదటి మెయిల్‌లోనే రాయండి. ఆ తేదీ దాటాక ఉపసంహరించుకుంటున్నట్టు ఒక మెయిల్ పంపి, రెండో పత్రికకు పంపండి. ప్రతిపాదన మాత్రమే అయితే ఇద్దరినీ అడగవచ్చు, కానీ ఒకరు సరే అన్న రోజే రెండోవారికి చెప్పేయాలి. లెక్కల విషయానికొస్తే, మొదటి రోజే కూలి ఎంతని అడగకండి, నూలు ధరతో మొదలుపెట్టండి.