రాయగడ నుంచి ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తున్నాను, ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చు?

నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లే దారిలో నాన్నకు చిన్న కిరాణా దుకాణం ఉంది. పైన బోర్డు ఒడియాలో, లోపల అప్పుల పద్దు తెలుగులో. ఆ పద్దు రాసేది నేనే. నా వ్యాపార అనుభవమంతా అంతే!

పదిలో 78, ప్లస్ టూలో 61, బీకాంలో 66 శాతం వచ్చాయి. జనరల్ కేటగిరీ. ఐఐఎంలలో (కేంద్ర మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలు) ఎంబీఏ సీటు కోసం నవంబరులో క్యాట్ రాస్తాను. నమూనా పరీక్షల్లో 84, 88 పర్సంటైల్ (రాసినవారిలో నూటికి ఎంతమంది నా వెనక ఉన్నారన్న లెక్క) మధ్య ఊగిసలాడుతున్నాను. లెక్కలు ఫరవాలేదు. దెబ్బంతా ఇంగ్లీషు విభాగంలోనే. పేరా చదివి, మనసులో తెలుగులోకి మార్చుకుని, మళ్లీ ఇంగ్లీషులో జవాబు వెతికేసరికి 40 నిమిషాలూ అయిపోతున్నాయి. మొన్నటి పరీక్షలో చివరి పేరా అసలు తెరవనేలేదు.

విశాఖపట్నం, సంబల్‌పూర్ ఐఐఎంలు 2015లో వచ్చినవే కదా, కొత్తవాటిలో సీటు సులువని బంధువులంటారు. నాకు నమ్మకం లేదు. ప్రకటించే కనీస పర్సంటైల్ వేరు, ఇంటర్వ్యూకు నిజంగా పిలిచే పర్సంటైల్ వేరని ఆలస్యంగా తెలిసింది. పైగా పాత మార్కులూ లెక్కలోకి వస్తాయి. ప్లస్ టూ మార్కులను ఇప్పుడేం చేయగలను? (అమ్మ అప్పుడే అమ్మవారికి మొక్కేసింది.)

ఇలాంటి మార్కులతో పిలుపు అందుకున్నవారు ఉంటే, ఎంత పర్సంటైల్‌కు వచ్చిందో చెప్పండి. జనవరిలో ఎక్స్‌ఏటీ (ఇంకో ఎంబీఏ ప్రవేశ పరీక్ష) కూడా రాయమంటారా? బరంపురం విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేయడం మేలా, ఏడాది ఉద్యోగం చేసి మళ్లీ క్యాట్ రాయడం మేలా? మొహమాటం లేకుండా చెప్పండి.